విప్పని కుట్టు

బట్టలు కత్తిరించే బల్ల అంచున దర్జీ సుద్దతో రాసిపెట్టుకున్న పనులు ఇవి:

పాత గ్రాఫిక్స్ కార్డు అమ్మేయాలి.
కొత్త కార్డు పొడవు కొలవాలి. ఈసారి టేపుతో. కంటితో కాదు.
కార్డుకు అడ్డం వచ్చే ఇనుప గూడు ఊడదీయాలి.
కొత్త పవర్ సప్లై తెచ్చి బిగించాలి.
పువ్వులన్నీ ఇంకోచోట కాపీ చేసి పెట్టాలి.
ఆదివారం పోటీకి వస్తున్నానని కాకికి మాటివ్వాలి.
అత్తయ్యకు చెప్పాలి.

అయిన పని మీద అయినట్టు గీత కొట్టడం కోడలి అలవాటు. అన్నిటి మీదా గీతలు పడ్డాయి, రెండింటి మీద తప్ప. పువ్వుల సంగతీ, అత్తయ్య సంగతీ అలాగే మిగిలాయి. ఇప్పుడు ఆ రెండూ కలిసి ఒకటే సంగతి అయి కూర్చున్నాయి.

కిందటి వారం మనం ఈ ఇంటి ముందుగదిలోంచి వచ్చేసేసరికి, కోడలు నేల మీద మఠం వేసుకుని టార్చి పట్టుకుని ఉంది. ఆమె భర్త మూత తీసిన కంప్యూటర్లోకి సగం దూరి, "ఇంకేముంది, స్విచ్చే తరువాయి" అంటున్నాడు. ఆ స్విచ్చు నొక్కాక ఏమైందో చెప్పేముందు, ఈ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు మాటలు.

ఆ ముందుగదే వాళ్ల దుకాణం. ఒక పక్క ఎంబ్రాయిడరీ మిషను, ఇంకో పక్క కత్తిరించే బల్ల, గోడ పొడుగునా దారపు కండెలు. మూలన పాత కంప్యూటరు. కాగితం మీద గీసిన పువ్వును ఆ కంప్యూటర్లో కుట్టు తర్వాత కుట్టుగా పేర్చి మిషనుకు ఇస్తే, అది బట్ట మీద పువ్వై లేస్తుంది. గీసేది అత్తయ్య. పేర్చేది కోడలు. కాపురానికి వచ్చిన కొత్తల్లో ఒకరి పని ఒకరికి గిట్టక మూతులు ముడుచుకున్నవాళ్లే, చివరికి ఆ పువ్వుల దగ్గరే కలిశారు. పేర్చడం కాగానే కాగితాన్ని ముక్కలు చేసి పారేయడం అత్తయ్య పద్ధతి. "ఇంకొకళ్ల కంటపడితే మన పువ్వు మనది కాదమ్మాయ్" అనేది. ఏడాదిగా ఆమె కుడిచెయ్యి వణుకుతోంది. గీత నిలవడం లేదు. కంప్యూటర్లో ఉన్నవే ఆమె పువ్వులు. ఇక కొత్తవి రావు.

సాయంత్రం షట్టరు దించాక అదే కంప్యూటర్లో కోడలు ఆట ఆడుతుంది. ఆ కాసేపూ ఆమె ఎవరి కోడలూ కాదు, ఎవరి భార్యా కాదు. నలుగురి జట్టులో ఒకతి. విమానంలోంచి గొడుగు కట్టుకుని దీవిలోకి దూకి, తుపాకీ వెతుక్కుని, చివరిదాకా బతికి ఉండాలి. అదీ ఆట. గురి తప్పదు కాబట్టి జట్టులో ఆమెకు సూది అని పేరు. జట్టు పెద్ద పేరు కాకి. అతనెవరో, ఎక్కడుంటాడో, ఏం చేస్తాడో ఆమె ఎరగదు. గొంతు మాత్రం తెలుసు.

అత్తయ్య దీన్ని "తుపాకుల బడి" అంటుంది. "ఇవాళ ఎంతమందిని చంపావమ్మా, అన్నం వడ్డించనా?" అని అడుగుతుంది.

చిక్కల్లా కంప్యూటరుతోనే. పువ్వులు పేర్చుకోవడానికి కొన్నది కదా, దానికి తుపాకులు ఎక్కడ వంటబడతాయి? కోడలు కుడికి తిరగమంటే, తెర మీద మనిషి ఆలోచించుకుని తిరిగేవాడు. ఈలోగా ఎవడో ఒకడు కాల్చేసేవాడు. అందుకని తెర మీది బొమ్మల్ని వేగంగా నడిపే కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నారు. అది పెన్సిలు డబ్బాలో గరిటె పెట్టబోయినట్టు అడ్డం తిరిగింది. ఖాళీగా ఉన్న పై గూడు ఊడదీసి దాన్ని ఇరికించారు. ఇరికాక, లోపలికి కరెంటు పంచే పాత పవర్ సప్లై మొరాయించింది. విమానంలోంచి దూకగానే కార్డు ఒక్కసారిగా కరెంటు లాగేది, కంప్యూటరు టప్పున ఆగిపోయేది. సూది గాల్లోనే మాయం. "ఏం సూదీ, ఇవాళైనా నేల మీద దిగుతావా, మేఘాల్లోనే కాపురం పెట్టేశావా?" అని కాకి ఎగతాళి. కొత్త పవర్ సప్లై తెప్పిస్తే మొదటిది గూట్లో పట్టలేదు. వాపసు పంపారు. రెండోది వచ్చేదాకా కోడలు పట్టిన మౌనవ్రతానికి ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో తలనొప్పి లేకుండా జరిగింది ఒక్కటే, పాత కార్డు అమ్మకం. గళ్లచొక్కా ఆయన ఒకాయన వచ్చాడు. అత్తయ్య కుట్టిన కిటికీ తెరను మెచ్చుకున్నాడు. "కార్డు పనిచేస్తోందో లేదో ఓసారి పరీక్షించుకుంటానమ్మా" అని కంప్యూటరు ముందు కూర్చుని, తను తెచ్చుకున్న పెన్ డ్రైవ్ గుచ్చి, కాసేపు చూసుకున్నాడు. కోడలు ఆ కాసేపూ మిషనుకు దారాలు మారుస్తోంది. ఆయన బేరం ఆడలేదు. మంచినీళ్లు అడిగి తాగి, ఆ గ్లాసు తనే కడిగి బోర్లించి మరీ వెళ్లాడు. "చూశావా, మర్యాదంటే అదీ" అని, అమ్మింది ఏమిటో ఎందుకో అడగని అత్తయ్య కొడుకుని రెండు రోజులు దెప్పింది.

సరే. స్విచ్చు దగ్గరికి వద్దాం.

భర్త నొక్కాడు. కొత్త కార్డు మీది పంకాలు రెండూ గిర్రున తిరిగాయి. నీలం దీపం వెలిగింది. కోడలి ముఖం కూడా వెలిగింది. అంతలో లోపలెక్కడో చిటుక్కుమంది. మరుక్షణం గదంతా ఇస్త్రీపెట్టె కింద నైలాను మాడినట్టు వాసన.

తెర మీద నల్లటి నేల, తెల్లటి అక్షరాలు. పువ్వులున్న డిస్కు కనపడడం లేదట.

"ఏవండీ, ఏం చేశారు?"

"నేనేం చేశాను? పనిచేస్తోందిగా! చూడు, పంకాలు ఎలా తిరుగుతున్నాయో."

"పంకాలు నాకెందుకండీ? ఉక్కపోస్తోందని చెప్పానా?"

అతను ఆపాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అవే అక్షరాలు. దుమ్ము అనుకుని ఊదాడు. డబ్బాను అరచేత్తో రెండు చరిచాడు. అక్షరాలు చెక్కుచెదరలేదు.

"పువ్వులు కాపీ చేద్దామన్నాను," అంది కోడలు. గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. "నిన్న కూడా అన్నాను."

"డిస్కు జోలికి మనం పోవడం లేదు, అంత అవసరమేముంది అన్నాను. పోయానా? దాన్ని ముట్టుకున్నానా? దాని తీగ కూడా కదపలేదు నేను. అమ్మ కుట్టిన తొడుగు చూడు, ఎక్కడిదక్కడే ఉంది. ఒక్క కుట్టు తెగిందేమో చూపించు!"

నిజమే. ఒక్క కుట్టు తెగలేదు.

ఆ తొడుగు ముచ్చట ఇది. కొన్నేళ్ల కిందట డిస్కు తీగ వేలాడి పంకాకు తగులుతూ గరగరలాడేది. అత్తయ్య ఆ గరగర రెండు రోజులు భరించి, మూడోరోజు పాత జీన్స్ కాలు ఒకటి కత్తిరించి, ఆ తీగకు చొక్కా చేతిలాంటి తొడుగు కుట్టింది. దాన్ని మైనం రాసిన దారంతో డబ్బా ఇనుప చిల్లులకే బిగించి కుట్టేసింది. రిపేరుకు వచ్చినవాడు చూసి ఫోటో తీసుకున్నాడు. ఆమె వేసిన కుట్టును ఆమెను అడక్కుండా ఈ ఇంట్లో ఎవరూ విప్పరు. చొక్కా బిగుతైనా సరే ఊపిరి బిగబట్టి తొడుక్కుంటారు గాని కత్తెర ముట్టరు.

పైగా భర్త లిఫ్టుల మెకానిక్కు. లిఫ్టులో యంత్రం పాడైతే యంత్రం మారుస్తారు. గోతి పొడుగునా వేసిన వైరింగును కదపరు. పని నేర్పిన మేస్త్రీ మొదటి రోజున చెవి మెలేసి చెప్పిన మాట అది. అతను అదే చేశాడు. పాత పవర్ సప్లైలోంచి ఆ తీగ మొన పీకి, కొత్తదాని గుంటలో పెట్టాడు. మొన సాఫీగా దూరింది, టిక్కుమని కూర్చుంది. తల్లి కుట్టూ చెడలేదు, మేస్త్రీ మాటా పోలేదు. ఒక్క దెబ్బకు ఇద్దరినీ గౌరవించాననుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడు. గుండీల కోసం బజారుకు వెళ్లిన అత్తయ్య తిరిగి వచ్చింది. ముక్కు ఎగబీల్చింది.

"ఏం మాడ్చారు?"

"ఏం లేదమ్మా. ఇస్త్రీపెట్టె."

"ఇస్త్రీపెట్టె అటక మీదుంది. పొద్దున నేనే ఎక్కించాను. అబద్ధమైనా అతుకు కనపడకుండా కుట్టరా."

 కోడలు లేచి నిలబడింది. ఎలా చెప్పాలో పది రకాలుగా అనుకుంది గాని, నోట్లోంచి వచ్చింది మాత్రం మూడు ముక్కలే.

"పువ్వులు పోయాయి అత్తయ్యా."

"ఏ పువ్వులు?"

"అన్నీ."

అత్తయ్య గుండీల సంచి బల్ల మీద పెట్టింది. కుర్చీ కోసం వెనక్కి చూడకుండానే చేత్తో తడిమి, దొరికాక కూర్చుంది.

"ఎడమ పువ్వు?"

"అది కూడా."

ఎడమ పువ్వు ఆమె గీసిన ఆఖరి పువ్వు. కుడిచెయ్యి మాట వినకపోయేసరికి పంతంకొద్దీ ఎడమచేత్తో గీసింది. రేకులన్నీ గాలి వీచినట్టు ఒకే పక్కకు ఒరిగాయి. ఒక ఆకు కాడ మీదినుంచి పోవాల్సింది పొరపాటున కిందినుంచి పోయింది. "దిద్దనా అత్తయ్యా?" అని కోడలు అడిగితే, "వద్దు. ఎడమచెయ్యికి తెలిసిందే అంత, అలాగే ఉండనీ" అంది. దాన్ని ఇంతవరకు ఏ బట్ట మీదా కుట్టలేదు. మంచి బట్ట దొరకాలి, మంచి రంగు కుదరాలి అని దాచిపెట్టుకున్నారు.

"ఆటకోసమేనా?" అంది అత్తయ్య.

"అవునత్తయ్యా."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెప్పాలనే రాసుకున్నాను. బల్ల మీద."

అత్తయ్య బల్ల అంచు చూసింది. చదివింది. "బల్లకు చెప్పావన్నమాట," అంది.

కోడలికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. భర్త మీద, కార్డు మీద, కాకి మీద, తన మీద. అన్నిటికంటే ఎక్కువగా, ఎదురుగా సిగ్గులేకుండా నీలంగా వెలుగుతున్న ఆ డబ్బా మీద. మూడు వారాలుగా ఆడమంటే ఆడని వస్తువు, ఇవాళ ఇంత హాయిగా తిరుగుతోంది. దానికిప్పుడు ఏ లోటూ లేదు. లోపల పువ్వులు తప్ప.

"నేను కొత్త కార్డు అడక్కుండా ఉండాల్సింది," అంది. "పువ్వులు పేర్చుకుంటూ ఉంటే సరిపోయేది. ఆ గంట లేకపోతే చచ్చిపోయేదాన్నా?"

"అలా మాట్లాడకు. ఆటకేం?" అత్తయ్య విసుక్కుంది. "నీ ఆట నా పువ్వుల్ని తినలేదు. ఏం తిన్నదో చూద్దాం, దీపం ఇటు తే."

ఆమె నేల మీదికి దిగి, డబ్బాలోకి తొంగిచూసింది. వణికే వేళ్లు జీన్స్ తొడుగు మీదుగా పైనుంచి కిందిదాకా వెళ్లాయి. ప్రతి కుట్టూ తాకి చూసుకుంది.

"విప్పలేదేం?"

"నీ కుట్టమ్మా!" కొడుకు గొంతులో అంత కష్టంలోనూ కాస్త గర్వం పలికింది. "ఎలా విప్పుతాను? కొత్త పెట్టె పెట్టి, నీ తీగే అందులో పెట్టాను. ఇంచు తేడా రాకుండా సరిపోయింది."

 అట్టపెట్టెలు పారేయడం అత్తయ్యకు చేతకాదు. ఎవరైనా పారేస్తారేమోనని ముందు వాటి దగ్గరికే పోతుంది. ఇప్పుడూ పవర్ సప్లై వచ్చిన అట్టపెట్టెను దగ్గరికి లాక్కుంది. అందులో చెయ్యి పెట్టింది. నల్ల గుడ్డసంచి ఒకటి బయటికి వచ్చింది. మూతి విప్పి బోర్లిస్తే, నల్లటి కొత్త తీగలు చుట్టలు చుట్టలుగా ఒళ్లో పడ్డాయి.

"ఇవేమిట్రా?"

"దాంతో వచ్చినవే. ఎక్స్‌ట్రా. కార్డుకు లావు తీగ కావాలంటే ఒకటి అందులోంచే తీశాను. మిగతావాటికి మనవి ఉన్నాయిగా అని..."

"ఎక్స్‌ట్రా," అంది అత్తయ్య. "మన కొత్త మిషను వచ్చినప్పుడు పాత మిషను సూదులు మిగిలాయి, గుర్తుందా? పారేయబుద్ధి కాక కొత్తదానికి పెట్టాను. దూరింది. బాగా దూరింది. తర్వాత ఏమైందమ్మాయ్?"

"రెండు కుట్లకే విరిగి, ముక్క కింది దారం పట్టే గొళ్లెంలో ఇరుక్కుంది," అంది కోడలు. అంటూనే ఆమె కళ్లు ఆ తీగల మీద పడ్డాయి.

"దాని సూది దానికే. ఇంట్లో రోజూ చూస్తున్నదే కదా. ఇది మాత్రం వేరే ఎందుకవుతుందనుకున్నారు?"

 భర్త చేతులు చూసుకుంటున్నాడు.

"నేను కుట్టానని విప్పలేదు," అంది అత్తయ్య మెల్లగా. తర్వాత మెల్లగా అనలేదు. "నా కుట్టు మీద గౌరవంతో నా పనంతా తగలబెట్టారు! ఎవరు చెప్పార్రా మీకు అది దేవుడి వస్త్రమని? పాత ప్యాంటు కాలు! పంకాకు తగులుతోందని విసుగెత్తి కుట్టిన గుడ్డ! ఒక్క కత్తెరపోటు వేస్తే పోయేది కదరా! ఇంకో గుడ్డ కుట్టనా నేను? ఇంత భయం పెట్టానా మీకు? చెప్పండి, ఇంత భయం పెట్టానా?"

కొడుకు నేల వైపు, కోడలు గోడ వైపు చూశారు. ఆమెకు జవాబు తెలిసిపోయింది.

అప్పుడే కోడలి ఫోను మోగింది. ఆమె అందుకునేలోగా అత్తయ్యే తీసి చెవికి పెట్టుకుంది. స్పీకరు మీద వేలు తగిలినట్టుంది, కాకి గొంతు గదంతా పరుచుకుంది.

"సూదీ! కొత్త మోటారు బిగించావా? ఆదివారం ఉన్నట్టేగా?"

"సూది ఇక్కడే ఉంది నాయనా," అంది అత్తయ్య. "దారమే తెగిపోయింది."

 అవతలినుంచి, "ఎవరండీ మాట్లాడేది?" అని చాలా మర్యాదగా ప్రశ్న.

"సూదికి అత్తగారిని."

ఫోను దానంతటదే కట్టయిపోయింది. ఇంకో రోజైతే కోడలు ఒక పూట నవ్వేది.

అత్తయ్య బల్ల మీది పెద్ద కత్తెర అందుకుంది. చెయ్యి వణుకుతుంటే కోడలు ముందుకు వంగింది. "ఇవ్వండత్తయ్యా, నేను..."

"జరుగు. నేను వేసిందే, నేనే తీయాలి."

కత్తెర మొన మొదట రెండుసార్లు జారింది. మూడోసారి దొరికింది. మైనపు దారం పటపట తెగుతుంటే ఇల్లంతా ఎవరో మెటికలు విరుస్తున్నట్టుంది. తొడుగు విడిపోయింది. లోపల తీగ, అన్నేళ్లూ ఎండ చూడని ఒంటిలా, కొత్తగా మెరుస్తోంది. ఆ తీగకు పాపం ఏమీ కాలేదు. తనలోకి ఏ కరెంటు పంపితే దాన్ని మోసుకెళ్లింది, అంతే.

ఆమె డిస్కును ఊడదీసి, ఆ జీన్స్ గుడ్డలోనే చుట్టింది. "పదండి," అంది. "ఎవరి దగ్గరికో ఒకరి దగ్గరికి."

బజారులో సెల్ ఫోన్ల దుకాణాల పైన ఇరుకు మెట్లెక్కితే డిస్కుల డాక్టరమ్మ గది. డాక్టరు చదివింది కాదు. పాడైన డిస్కులు బాగుచేస్తుంది కాబట్టి బజారంతా అలా పిలుస్తుంది. కంటికి భూతద్దం, చెవి వెనక పెన్సిలు, పక్కన చల్లారిన టీ. ముగ్గురినీ నిలబడే ఉంచి, డిస్కు కింది పచ్చ పలకను చాలాసేపు చూసింది.

"వేరే పవర్ సప్లై తీగ వాడారా?"

భర్త తల ఊపాడు.

"మూతి ఒకేలా ఉంటుందండీ. లోపల ఏ తీగలో ఏది పంపాలో ఒక్కో తయారీవాడు ఒక్కోలా పెట్టుకుంటాడు. చిన్న కరెంటు రావాల్సిన దారిలో పెద్దది వచ్చేసింది." పలక మీద మినపగింజంత నల్లమచ్చ చూపించింది. "ఇదిగో, ఇది కాపలావాడు. ఇలాంటిది వస్తే అడ్డుపడి తను చావడమే దీని ఉద్యోగం. చచ్చాడు. వీడు సమయానికి పడిపోయుంటే లోపల ఇల్లు బాగున్నట్టే. వీణ్ని తీసేసి చూస్తాను."

కాలుతున్న ఇనుప మొనతో ఆ మచ్చను తీసింది. తన యంత్రానికి డిస్కును తగిలించింది. ముగ్గురూ ఒకేసారి వంగారు. లోపల ఏదో మెదిలింది, తిరిగింది. కోడలు భర్త మోచెయ్యి పట్టుకుంది, మూడు వారాల్లో మొదటిసారి. తర్వాత టక్. టక్. టక్. తలుపు తట్టి తట్టి ఎవరూ తీయక వెళ్లిపోయినట్టు చప్పుడు ఆగిపోయింది.

డాక్టరమ్మ మళ్లీ ప్రయత్నించింది. వేరే పలక బిగించి ప్రయత్నించింది. భూతద్దం తీసి కళ్లు నులుముకుంది.

"లోపలిదాకా వెళ్లిందండీ. చదివే తల కూడా దెబ్బతింది. పెద్దచోట్ల తెరిచి చూస్తారంటారు గాని, ఈ రకంలో..."

"చుట్టూ తిప్పకమ్మా," అంది అత్తయ్య. "పోయిందా?"

డాక్టరమ్మ ఆమె ముఖం చూసింది. "పోయింది పెద్దమ్మా."

"సరే." అత్తయ్య డిస్కును మళ్లీ గుడ్డలో చుట్టుకుంది. "టీ చల్లారిపోయింది, ఇంకోటి తెప్పించుకో."

మెట్లు దిగారు. వీధిలో సాయంత్రపు రద్దీ. బస్సు కోసం జనం. భర్త నాలుగడుగులు ముందు, తప్పుచేసిన పిల్లాడిలా. కోడలు అత్తయ్య పక్కన. చెప్పాల్సిన మాట ఏదో ఉంది. అది ‘క్షమించండి’ కంటే పెద్దదిగా ఉండాలి. దొరకడం లేదు. ఆటలో అయితే మళ్లీ మొదటినుంచి దూకొచ్చు. ఎన్నిసార్లు చచ్చినా విమానం మళ్లీ వస్తుంది. ఈ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేను మళ్లీ నేర్చుకుని గీస్తాను," అంది చివరికి. "మీరు పక్కన కూర్చుని చెప్పండి. రేకు ఎటు ఒరగాలో చెప్పండి, నేను..."

అత్తయ్య వినడం లేదు. నడవడమూ లేదు.

బస్సు స్టాపు వరసలో నిలబడ్డ ఒక అమ్మాయి, ఎవరో, ఫోను చూసుకుంటోంది. లేత పసుపు రంగు కొత్త చొక్కా. దాని కాలరు మీద ముదురు ఎరుపు దారంతో చిన్న పువ్వు. రేకులన్నీ గాలి వీచినట్టు ఒకే పక్కకు ఒరిగి ఉన్నాయి.

అత్తయ్య వెళ్లి, అడక్కుండా, ఆ కాలరు అంచు రెండు వేళ్లతో పట్టుకుంది. అమ్మాయి ఉలిక్కిపడింది.

"ఏంటండీ ఇది?"

"ఏం అనుకోకమ్మా. కుట్టుపని చేసేదాన్ని, చూస్తున్నాను. ఎక్కడ కొన్నావు?"

"ఆ మలుపులో, కొత్తగా పెట్టిన షాపు." అమ్మాయి కాస్త తేరుకుంది. "బాగుంది కదండీ? ఇంకా చాలా పువ్వులున్నాయి వాళ్ల దగ్గర. గోడ నిండా తగిలించారు. ఒకదానిలా ఒకటి లేదు."

బస్సు వచ్చింది. అమ్మాయి ఎక్కి వెళ్లిపోయింది. అత్తయ్య చెయ్యి గాల్లో అలాగే ఉంది. విచిత్రంగా, వణకడం లేదు.

"ఆకు కిందినుంచే పోయింది," అంది. "చూశావా? కాడ కిందినుంచి."

కోడలు కూడా చూసే ఉంది, బస్సు రాకముందే. తను పేర్చిన కుట్లు తను గుర్తుపట్టదా? ఆకు మలుపులో దారం తెగకుండా దొంగకుట్టు ఒకటి వేసింది తను. అదీ ఉంది. చూసి గీసిందో, చూసి కుట్టిందో కాదు. వాళ్ల కంప్యూటర్లోంచి నడిచి వెళ్లిన పువ్వు.

"ఎవడా దొంగవెధవ?" భర్త పళ్లు కొరికాడు. ఇంతసేపటికి తిట్టడానికి తను కాని మనిషి దొరికినందుకు అతనికి ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టుంది. "ఇప్పుడే వెళ్లి ఆ షాపు..."

"నోరు ముయ్యరా." అత్తయ్య అతని చొక్కా పట్టి వెనక్కి లాగింది. కళ్లు మలుపు వైపే ఉన్నాయి. "గట్టిగా అరిచావంటే భయపడి తుడిచేస్తాడు. నా దగ్గర లేవు, నీ దగ్గర లేవు. ఈ లోకంలో నా పువ్వులు బతికున్నది ఆ దొంగ దగ్గరే. వాణ్ని ఇప్పుడు కళ్లలో పెట్టుకుని చూసుకోవాలి మనం."

ఆమె డిస్కు మూటను కోడలి చేతుల్లో పెట్టి, మలుపు వైపు నడవడం మొదలుపెట్టింది.

వెనక నడుస్తూ కోడలు తలబద్దలు కొట్టుకుంటోంది. ఆ కంప్యూటరు ముందు తను కాక ఇంకెవరు కూర్చున్నారు? భర్త కాదు. అత్తయ్య మౌసు ముట్టదు. రిపేరువాడు వచ్చి ఏళ్లయింది. ఎంత వెతికినా ఆమెకు దుర్మార్గుడి ముఖమే కావాలి, అందుకే దొరకడం లేదు. మంచి మర్యాద ఉన్న మనిషిని ఆమె అనుమానాల్లో చేర్చుకోలేదు.

చదువుతున్న మీకు మాత్రం నాదొక మనవి. అతను దొంగో కాదో, ఆ పువ్వులు ఎందుకు పట్టుకెళ్లాడో ఇప్పుడే తేల్చేయకండి, తిట్టుకోకండి. మంచినీళ్లు తాగి, ఎవరూ అడక్కుండానే గ్లాసు కడిగి బోర్లించిపోయిన ఆ గళ్లచొక్కా మనిషిని గుర్తుపెట్టుకోండి.